క్లౌడ్ సెక్యూరిటీ లాగ్‌లు బకెట్‌లోకి చేరడం లేదా? ఏ పర్మిషన్ దారి ఎంచుకోవాలి

లాగింగ్ ఆన్ చేశారు, కన్సోల్ కూడా ఆన్ అనే చూపిస్తోంది, బకెట్ (ఫైళ్లు దాచే క్లౌడ్ నిల్వ) తెరిస్తే మాత్రం కొత్త ఫైల్ ఒక్కటీ లేదు. ఇలాంటప్పుడు ఎక్కడో దొరికిన పాలసీ (ఎవరు ఏం చేయొచ్చో చెప్పే నియమాలు) తెచ్చి అతికించడం, కుదరకపోతే ఇంకాస్త వదులు చేయడం, చివరికి ఎవరైనా రాసేయొచ్చు అన్నంత దూరం వెళ్లడం మామూలే. అప్పుడు లాగ్‌లు వస్తాయి, నిజమే. కానీ రేపు ఏదైనా దాడి జరిగితే, ఆ లాగ్‌లను ఎవరూ మార్చలేదని గట్టిగా చెప్పలేం.

అందుకే రిపేరుకి ముందు కొన్ని ఎంపికలు తేల్చుకోవాలి. బకెట్‌లోకి ఎవరు రాస్తారు, ఏ గుర్తింపుతో రాస్తారు, ఏ కీతో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, బకెట్ ఏ అకౌంట్‌లో ఉంటుంది. వీటిని తూచడానికి నేను వాడే కొలత ఒకటే. పర్మిషన్ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగినప్పుడు మనకి ఎంత త్వరగా తెలుస్తుంది? అప్పటిదాకా రావలసిన లాగ్‌లు ఇంకెక్కడైనా మిగిలి ఉంటాయా? భద్రత పరంగా రెండు దారులూ దాదాపు సమానమైతే, ఈ ప్రశ్నలకి మంచి జవాబు ఉన్నదాన్నే తీసుకోమంటాను.

ముందు మీకు ఎంత టైమ్ ఉంది?

టెన్షన్ పడాలా వద్దా అన్నది ఏ లాగ్ ఆగిపోయిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) క్లౌడ్‌ట్రెయిల్, అంటే అకౌంట్‌లో ఎవరు ఏం చేశారో రాసిపెట్టే సర్వీసు అయితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బకెట్‌కి చేర్చలేకపోతే అది 30 రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అలా ప్రయత్నించిన ఈవెంట్లకి కూడా బిల్లు పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి. తప్పుగా సెట్ చేసిన ట్రెయిల్ (ఏ లాగ్‌లు ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగ్) మీకు అక్కర్లేకపోతే డిలీట్ చేయడమే దారి. దీనికి తోడు మేనేజ్‌మెంట్ ఈవెంట్లు (సెట్టింగ్‌ల మార్పుల్లాంటివి) 90 రోజుల వరకు ఈవెంట్ హిస్టరీలో కనిపిస్తాయి. డేటా ఈవెంట్లకి (ఫైల్ చదవడం, రాయడం లాంటివాటికి) ఆ వెసులుబాటు లేదు.

లోడ్ బ్యాలెన్సర్ (ట్రాఫిక్‌ని సర్వర్లకి పంచేది) యాక్సెస్ లాగ్‌లు, ఎస్3 (ఏడబ్ల్యూఎస్ బకెట్ సర్వీసు) సర్వర్ యాక్సెస్ లాగ్‌లు వేరే రకం. అందినంతవరకు పంపుతాం అన్న పద్ధతిలో వస్తాయి. పర్మిషన్ లేని రోజుల లాగ్‌లను తర్వాత తెప్పించుకునే ఏర్పాటు లేదు, కాబట్టి మొదట సరిచేయాల్సింది వీటినే.

గూగుల్ క్లౌడ్‌లో అడ్మిన్ యాక్టివిటీ ఆడిట్ లాగ్‌లు రిక్వైర్డ్ అనే లాగ్ బకెట్‌లో (ఇది స్టోరేజ్ బకెట్ కాదు, లాగింగ్ సర్వీసు సొంత నిల్వ) 400 రోజులు ఉంటాయి. సింక్ (లాగ్‌లను బయటి బకెట్‌కి పంపే ఏర్పాటు) పనిచేయకపోయినా అవి ఎక్కడికీ పోవు. డీఫాల్ట్ లాగ్ బకెట్‌లోకి వెళ్లేవి మామూలుగా 30 రోజులే. సింక్ సరిచేశాక పాతవి వాటంతట అవి రావు, కానీ లాగ్ బకెట్‌లో ఉన్నవాటిని స్టోరేజ్‌కి కాపీ చేసే కమాండ్ ఉంది. అజూర్‌లో యాక్టివిటీ లాగ్ 90 రోజులు ఉంటుంది. రిసోర్స్ లాగ్‌లు మాత్రం డయాగ్నొస్టిక్ సెట్టింగ్ పెట్టి ఎక్కడికైనా పంపితేనే ఉంటాయి, లేకపోతే లేనట్టే.

రాసే చేతిని ఎంచుకోవడం

లాగ్ పంపేవాళ్లకి పర్మిషన్ ఇచ్చే పద్ధతులు స్థూలంగా మూడు. క్లౌడ్ కంపెనీ సొంత సర్వీసుకే బకెట్ పాలసీలో చోటివ్వడం ఒకటి. మీ అకౌంట్‌లో ఒక రోల్ (కొద్దిసేపు అరువు తీసుకునే గుర్తింపు) చేసి, బయటి సర్వీసు దాన్ని తీసుకుని రాసేలా పెట్టడం రెండోది. యాక్సెస్ కీ లేదా ఎస్ఏఎస్ టోకెన్ (అజూర్‌లో గడువు పెట్టి ఇచ్చే అనుమతి) లాంటి రహస్యాన్ని చేతికిచ్చేయడం మూడోది.

క్లౌడ్‌ట్రెయిల్, ఫ్లో లాగ్‌లు (నెట్‌వర్క్ ట్రాఫిక్ రికార్డు), కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల మార్పుల రికార్డు) లాంటి సొంతింటి సర్వీసులైతే మొదటి దారి తప్ప ఇంకోటి ఆలోచించక్కర్లేదు. ఇందులో దాచాల్సిన రహస్యం ఏమీ ఉండదు, గడువు తీరిపోయేదీ ఉండదు. క్లౌడ్‌ట్రెయిల్‌కి బకెట్ పాలసీలో కావలసినవి రెండే: బకెట్ మీద గెట్‌బకెట్‌ఏసీఎల్ (ఏసీఎల్, అంటే యాక్సెస్ జాబితా చదివే హక్కు), లాగ్‌లు పడే పాత్ మీద పుట్‌ఆబ్జెక్ట్ (ఫైల్ రాసే హక్కు). రెండోదానికి, ఫైల్ మీద పూర్తి హక్కు బకెట్ ఓనర్‌కి ఉండాలన్న ఏసీఎల్ కండిషన్ తోడవుతుంది. ఫలానా ట్రెయిల్ నుంచి వస్తేనే ఒప్పుకో అని సోర్స్ ఏఆర్‌ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో ప్రతి వనరుకీ ఉండే పూర్తి పేరు) కండిషన్ కూడా పెట్టాలి. అది లేకపోతే మీ బకెట్ పేరు తెలిసిన ఇంకెవరో తమ ట్రెయిల్‌ని మీ బకెట్ వైపు తిప్పే అవకాశం మిగులుతుంది.

చూడ్డానికి ఇంత సులువుగా ఉన్నా, తెగేది ఎక్కువగా పాత్ దగ్గరే. ట్రెయిల్‌లో "ఆడిట్" అని ప్రిఫిక్స్ (పాత్ మొదట్లో వచ్చే పేరు) ఇచ్చారనుకోండి. ఫైళ్లు పడేది బకెట్, ఆడిట్, ఏడబ్ల్యూఎస్‌లాగ్స్, అకౌంట్ నంబర్ అనే వరుసలో. పాలసీలో ఆడిట్ అన్న ముక్క రాయడం మర్చిపోయినా, రెండు స్లాష్‌లు పడినా, పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా సర్వీసుకి దొరికేది యాక్సెస్ డినైడే. ఆర్గనైజేషన్ ట్రెయిల్ (సంస్థ అకౌంట్లన్నిటికీ ఒకటే ట్రెయిల్) అయితే ఇంకో పాత్ కూడా కావాలి. మేనేజ్‌మెంట్ అకౌంట్ నంబర్‌తో ఒకటి, ఓ-హైఫన్‌తో మొదలయ్యే ఆర్గనైజేషన్ ఐడీతో మరొకటి. రెండోది మర్చిపోతే మిగతా అకౌంట్ల లాగ్‌లు రావు. డెలిగేటెడ్ అడ్మిన్ అకౌంట్ (మేనేజ్‌మెంట్ అకౌంట్ పని అప్పగించిన ఇంకో అకౌంట్) నుంచి ట్రెయిల్ పెట్టినా సరే, సోర్స్ ఏఆర్‌ఎన్‌లో రాయాల్సింది మేనేజ్‌మెంట్ అకౌంట్ నంబరే.

అనుమతి అంతా సరిగ్గా ఉన్నా రాకపోతే డినై స్టేట్‌మెంట్లు (పాలసీలో ఆపేయమని చెప్పే వాక్యాలు) చూడండి. నా అనుభవంలో ఈ దారిలో తల పట్టుకునేది ఇక్కడే. సెక్యూరిటీ టీమ్ మంచి ఉద్దేశంతోనే "మా వీపీసీ ఎండ్‌పాయింట్ నుంచి రానివన్నీ ఆపు" అనో, "మా ఆర్గనైజేషన్ ఐడీ లేనివాళ్లని ఆపు" అనో రాసి ఉంటుంది. లాగ్ పంపే సర్వీసు మీ వీపీసీలోంచి (మీ ప్రైవేట్ నెట్‌వర్క్‌లోంచి) రాదు, దాని ప్రిన్సిపల్‌కి (రిక్వెస్ట్ పంపే గుర్తింపుకి) మీ ఆర్గనైజేషన్ ఐడీ ఉండదు. రిక్వెస్ట్‌లో ఆ విలువే లేనప్పుడు "సమానం కాదు" అన్న పోలిక నిజమైపోతుంది, డినై పడుతుంది. దీనికి విరుగుడుగా ఆ డినై స్టేట్‌మెంట్‌లోనే ప్రిన్సిపల్ ఈజ్ ఏడబ్ల్యూఎస్ సర్వీస్ అన్న కండిషన్ ఫాల్స్ అయితేనే వర్తించేలా చేర్చాలి. అనుమతిచ్చే స్టేట్‌మెంట్‌లో ఆర్గనైజేషన్ హద్దు కావాలంటే ప్రిన్సిపల్ ఆర్గ్ ఐడీ పనికిరాదు, సోర్స్ ఆర్గ్ ఐడీ వాడాలి. 2024 నవంబర్‌లో వచ్చిన రిసోర్స్ కంట్రోల్ పాలసీలు (సంస్థ మొత్తానికి పైనుంచి పెట్టే హద్దులు) కూడా మీ సంస్థలో వాడుతుంటే అక్కడా ఇదే మినహాయింపు ఉందో లేదో చూడండి. బకెట్ పాలసీని ఎంతసేపు తిరగేసినా దొరకని డినై ఒక్కోసారి అక్కడ దాక్కుంటుంది.

ఇదే రకానికి చెందిన ఇంకో పాత అలవాటు, కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ కీల సర్వీసు) హెడర్ లేని అప్‌లోడ్‌లను ఆపేయడం. బకెట్‌కి డీఫాల్ట్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అనుకోవద్దు. ఆ డినై చూసేది రిక్వెస్ట్‌లోని హెడర్‌నే. హెడర్ పంపని సర్వీసు గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఈ దారి గొప్పతనం ఏమిటంటే లోపం ఎక్కడుందో సర్వీసే చెబుతుంది. క్లౌడ్‌ట్రెయిల్‌లో గెట్ ట్రెయిల్ స్టేటస్ అన్న కమాండ్ ఇస్తే చివరిసారి ఎప్పుడు చేరింది, చివరి ఎర్రర్ ఏమిటి అన్నవి రెండూ వస్తాయి. కాన్ఫిగ్ రాయగలదో లేదో చూసుకోవడానికి బకెట్‌లో ఒక చిన్న టెస్ట్ ఫైల్ పెడుతుంది, లోడ్ బ్యాలెన్సర్ కూడా అంతే. ఆ టెస్ట్ ఫైల్ ఉండి లాగ్‌లు లేకపోతే, సెట్ చేసిన రోజు పర్మిషన్ బాగుండి తర్వాత ఎవరో మార్చారని అర్థం చేసుకోవచ్చు. ట్రాఫిక్కే లేకపోతే అది వేరే సంగతి.

రోల్ మంచిదా, కీ మంచిదా?

బయటి సెక్యూరిటీ ప్రొడక్ట్ మీ బకెట్‌లోకి లాగ్‌లు తోయాలంటే అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. ఆ ప్రొడక్ట్ రోల్‌ని తీసుకోగలిగితే రోల్‌నే ఇవ్వండి, ఇంకో మాట లేదు. రోల్‌తో దొరికే క్రెడెన్షియల్ మామూలుగా గంటలో చెల్లిపోతుంది, దొంగిలించినా ఎక్కువసేపు పనికిరాదు. ట్రస్ట్ పాలసీలో (రోల్‌ని ఎవరు తీసుకోవచ్చో చెప్పేదానిలో) ఎక్స్‌టర్నల్ ఐడీ (మీ ఒక్కరికే కేటాయించిన కోడ్) తప్పనిసరిగా పెట్టండి. ఆ ప్రొడక్ట్‌కి ఇంకెందరో కస్టమర్లు ఉంటారు, వాళ్లలో ఒకరు మీ రోల్ ఏఆర్‌ఎన్ ఇచ్చి పని కానిచ్చుకోకుండా ఆపేది అదే.

రోల్ తెగినప్పుడు వెతకాల్సిన చోట్లు రెండు. రోల్ తీసుకోవడమే కుదరలేదా, తీసుకున్నాక రాయడం కుదరలేదా? మొదటిదైతే ట్రస్ట్ పాలసీ, ఎక్స్‌టర్నల్ ఐడీ. రెండోదైతే రోల్ పాలసీ, బకెట్ పాలసీలోని డినై, కీ పాలసీ. క్లౌడ్‌ట్రెయిల్‌లో అస్యూమ్‌రోల్ ఈవెంట్ సక్సెస్‌గా కనిపిస్తే సగం వెతుకులాట తప్పినట్టే. రోల్ ఉన్న అకౌంట్, బకెట్ ఉన్న అకౌంట్ వేరైతే రెండు వైపులా అనుమతి ఉండాలి. ఒక వైపు ఇచ్చి రెండో వైపు మర్చిపోవడం తరచూ జరిగేదే.

రాసే దశలో ఎవరు ఆగిపోయారో చూడాలంటే ఆ బకెట్ మీద డేటా ఈవెంట్లు ఆన్ చేయొచ్చు. కానీ ఆ డేటా ఈవెంట్ల లాగ్‌ని అదే బకెట్‌లోకి పంపకండి. ప్రతి లాగ్ ఫైల్ రాత ఇంకో ఈవెంట్‌ని పుట్టిస్తుంది, ఆ ఈవెంట్ మళ్లీ లాగ్ అవుతుంది, బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

యాక్సెస్ కీ ఎప్పుడు ఒప్పుకోవచ్చు? పంపే ప్రొడక్ట్‌కి ఇంకో దారి లేనప్పుడు మాత్రమే. అప్పుడు ఆ కీ ఉన్న యూజర్‌కి ఒక ప్రిఫిక్స్ మీద పుట్‌ఆబ్జెక్ట్ తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు. కొన్ని ప్రొడక్ట్‌లు కనెక్షన్ టెస్ట్ కోసం ఫైల్ పెట్టి, చదివి, తుడిచేయాలని చూస్తాయి. అందుకని లిస్ట్, డిలీట్ కూడా అడుగుతాయి. డిలీట్ ఇచ్చేశారంటే ఆ కీ దొరికినవాడు జాడలు చెరిపేసుకోగలడు. టెస్ట్ కోసం వేరే ప్రిఫిక్స్ కేటాయించి అక్కడికే డిలీట్ ఇవ్వడమో, వర్షనింగ్ (ఫైల్ పాత కాపీలు దాచి ఉంచడం) ఆన్ చేసి పాత వర్షన్లు తుడిచే హక్కు ఇవ్వకపోవడమో చేయండి. పుట్ ఒక్కదానితోనే ఉన్న ఫైల్ మీద మళ్లీ రాసేయొచ్చన్నది కూడా మర్చిపోవద్దు, అందుకే వర్షనింగ్ ఎలాగూ కావాలి. క్లౌడ్‌ఫ్లేర్ లాగ్‌పుష్ (ఆ కంపెనీ లాగ్‌లు పంపే సర్వీసు) ఈ విషయంలో నాకు నచ్చుతుంది. బకెట్ మీదేనని తేల్చుకోవడానికి అది ఒక టోకెన్ ఫైల్ రాసి, అందులోది చదివి చెప్పమని మిమ్మల్నే అడుగుతుంది. దానికి చదివే హక్కు ఇవ్వాల్సిన పనే లేదు.

అజూర్ ఎస్ఏఎస్ టోకెన్‌తో చిక్కు గడువు. యూజర్ డెలిగేషన్ టోకెన్ గరిష్ఠంగా 7 రోజులు, రోజూ వచ్చే లాగ్‌లకి ఇది చాలా తక్కువ. అకౌంట్ కీతో సంతకం చేసిన టోకెన్‌కి ఎన్నాళ్ల గడువైనా పెట్టొచ్చు, కానీ ఎవరో రొటీన్‌గా ఆ అకౌంట్ కీ మార్చిన మరుక్షణం టోకెన్ చచ్చిపోతుంది. కీ మార్చిన మనిషికి లాగ్‌లు ఆగాయన్న సంగతి తెలియను కూడా తెలియదు. తప్పక వాడాల్సి వస్తే స్టోర్డ్ యాక్సెస్ పాలసీకి కట్టి ఇవ్వండి, కనీసం టోకెన్ మార్చకుండా గడువు పొడిగించుకోవచ్చు, కావాలంటే రద్దు చేయొచ్చు.

గూగుల్, అజూర్‌లో చూపు ఎటు ఉండాలి

గూగుల్ క్లౌడ్‌లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సింక్‌కి రైటర్ ఐడెంటిటీ అనే సర్వీస్ అకౌంట్ ఉంటుంది, దానికి ఆ బకెట్ మీద స్టోరేజ్ ఆబ్జెక్ట్ క్రియేటర్ రోల్ ఇవ్వాలి. ఆ రోల్‌తో కొత్త ఫైళ్లు పెట్టడమే తప్ప ఉన్నవాటి మీద రాయడం, తుడవడం కుదరదు, లాగ్‌లకి సరిగ్గా కావలసింది అదే. కమాండ్‌తోనో టెర్రాఫామ్ (కోడ్‌తో క్లౌడ్ సెట్ చేసే టూల్) తోనో సింక్ చేసినవాళ్లు ఈ రోల్ ఇవ్వడం మర్చిపోతుంటారు. స్టోరేజ్‌కి లాగ్‌లు గంటకోసారి గుత్తగా వస్తాయి, మొదటిసారి 2-3 గంటలు పట్టొచ్చు. పది నిమిషాలకే ఖాళీ బకెట్ చూసి పర్మిషన్లు కెలకడం మొదలుపెడితే బాగున్నది కూడా పాడవుతుంది. ఎంత ఆగినా రాకపోతే, వీపీసీ సర్వీస్ కంట్రోల్స్ పెరిమీటర్ (డేటా బయటికి పోకుండా గీసే హద్దు) ఏదైనా ఆ బకెట్ చుట్టూ ఉందేమో చూడండి.

అజూర్ డయాగ్నొస్టిక్ సెట్టింగ్స్‌లో గొడవ ఎక్కువగా స్టోరేజ్ అకౌంట్ ఫైర్‌వాల్‌తో. నెట్‌వర్క్ యాక్సెస్ బిగించినప్పుడు, నమ్మకమైన మైక్రోసాఫ్ట్ సర్వీసులకి మినహాయింపు ఇచ్చే టిక్కు తీసేసి ఉంటే లాగ్‌లు ఆగుతాయి. మారకుండా భద్రపరిచే ఇమ్యూటబుల్ పాలసీ పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఈ లాగ్‌లు అపెండ్ బ్లాబ్‌లుగా వస్తాయి, గంటకి ఒక ఫైల్ తెరిచి దాని చివర చేరుస్తూ పోతాయి. ప్రొటెక్టెడ్ అపెండ్ రాతలకి అనుమతిచ్చే ఆప్షన్ ఆన్ చేయకపోతే, భద్రత కోసం పెట్టిన తాళమే లాగ్‌లకి అడ్డం పడుతుంది.

డీఫాల్ట్ ఎన్‌క్రిప్షనా, సొంత కీనా?

ఇక్కడ నా సలహా కొందరు ఆడిటర్లకి నచ్చకపోవచ్చు. నిబంధన ఏదీ అడగకపోతే ఎస్3 సొంత ఎన్‌క్రిప్షన్‌తో సరిపెట్టుకోండి. సొంత కీ పెట్టడం వల్ల లాభం ఉంది, బకెట్ చదివే హక్కు ఉన్నవాడికి కీ హక్కు లేకపోతే లాగ్ కనిపించదు. కానీ రాసే వైపు చాలామంది చేసేది ఇంటి తాళం ఇచ్చి బీరువా తాళం దగ్గరే పెట్టుకోవడం. బకెట్ పాలసీ అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది, కీ పాలసీలో క్లౌడ్‌ట్రెయిల్‌కి జెనరేట్‌డేటాకీ (ఎన్‌క్రిప్ట్ చేయడానికి కీ వాడే హక్కు) ఉండదు. వచ్చేది మళ్లీ అదే యాక్సెస్ డినైడ్.

సొంత కీ తప్పదంటే కొన్ని సర్వీసుల పట్టింపులు తెలిసి ఉండాలి. గార్డ్‌డ్యూటీ (ముప్పులు పసిగట్టే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) ఫైండింగ్స్ ఎస్3కి ఎగుమతి కావాలంటే కేఎంఎస్ కీ ఉండి తీరాలి. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ యాక్సెస్ లాగ్‌లు, ఎస్3 సర్వర్ యాక్సెస్ లాగ్‌లు దానికి పూర్తి వ్యతిరేకం, కేఎంఎస్ డీఫాల్ట్‌గా ఉన్న బకెట్‌లోకి అవి రావు. ఫ్లో లాగ్‌లు కస్టమర్ మేనేజ్డ్ కీ (మీరే చేసుకుని నడిపేది) అయితే వస్తాయి, దాని పాలసీలో డెలివరీ లాగ్స్ సర్వీసుకి చోటుండాలి. ఏడబ్ల్యూఎస్ తనంతట ఇచ్చే ఎస్3 కీని ఎంచుకుంటే దాని పాలసీని మనం మార్చలేం, కాబట్టి ఈ పనికి అది చెల్లదు. అన్ని లాగ్‌లకీ ఒకటే బకెట్, ఒకటే కీ అన్న ఆలోచన కుదరకపోవడానికి కారణం ఇదే. క్లౌడ్‌ట్రెయిల్, గార్డ్‌డ్యూటీలకి కీని వాటి సెట్టింగ్‌లోనే ఇవ్వొచ్చు, బకెట్ డీఫాల్ట్ మార్చే పని లేదు. ఫ్లో లాగ్‌లకి కీ కావాలంటే వేరే బకెట్ పెట్టి దాని డీఫాల్ట్‌గా ఇవ్వండి.

గూగుల్‌లో సొంత కీ పెట్టిన బకెట్ అయితే కీ మీద హక్కు ఇవ్వాల్సింది సింక్ రైటర్‌కి కాదు, స్టోరేజ్ సర్వీస్ ఏజెంట్‌కి (స్టోరేజ్ సర్వీసు తరఫున పనిచేసే అకౌంట్‌కి). అందరూ మొదట రైటర్‌కే ఇచ్చి, ఇంకా ఎందుకు రావట్లేదని చూస్తుంటారు.

ఒకే బకెట్టా, అకౌంట్‌కో బకెట్టా?

లాగ్‌ల కోసం విడిగా ఒక అకౌంట్ పెట్టి అన్నీ అక్కడికే తెప్పించుకోండి. ఒక అకౌంట్ దాడి చేసినవాడి చేతికి చిక్కినా అతను లాగ్‌లని ముట్టుకోలేడు. ఒక్కో అకౌంట్ పాత్‌ని చేత్తో చేరుస్తూ పోతే బకెట్ పాలసీకున్న 20 కేబీ పరిమితి ఒకరోజు అడ్డం వస్తుంది, కొత్త అకౌంట్ చేర్చబోతే సేవ్ కాదు. ఆర్గనైజేషన్ ట్రెయిల్ వాడితే ఆ బాధ లేదు. ఎస్3 సర్వర్ యాక్సెస్ లాగ్‌లకి మాత్రం మినహాయింపు. వాటి గమ్యం బకెట్ అదే అకౌంట్‌లో, అదే రీజియన్‌లో ఉండి తీరాలి.

పాత బకెట్ సరిచేయాలా, కొత్తది పెట్టాలా?

ఏళ్ల తరబడి ఎవరెవరో చేతులు పెట్టిన పాలసీ అయితే వాదన లేకుండా తేల్చే పద్ధతి ఒకటుంది. తాత్కాలికంగా కొత్త బకెట్ ఒకటి, దాని మీదకి ఒక టెస్ట్ ట్రెయిల్ పెట్టండి. క్లౌడ్‌ట్రెయిల్ కన్సోల్ నుంచి చేస్తే సరైన పాలసీ అదే రాసిస్తుంది. మామూలుగా ఐదు నిమిషాల అటూఇటూగా లాగ్‌లు పడతాయి. పడితే లోపం పాత బకెట్‌లోనో దాని కీలోనో ఉన్నట్టు, పడకపోతే పైనుంచి ఆర్గనైజేషన్ స్థాయిలో ఏదో ఆపుతున్నట్టు. పని అయ్యాక టెస్ట్ ట్రెయిల్ తీసేయండి, రెండో కాపీ మేనేజ్‌మెంట్ ఈవెంట్లకి డబ్బులు పడతాయి.

2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లలో ఏసీఎల్‌లు ముందే ఆపేసి వస్తున్నాయి. క్లౌడ్‌ట్రెయిల్‌కి దానితో ఇబ్బంది లేదు. క్లౌడ్‌ఫ్రంట్ (వెబ్ కంటెంట్ వేగంగా అందించే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) పాత తరహా స్టాండర్డ్ లాగింగ్‌కి మాత్రం ఏసీఎల్ కావాలి. దాని కోసం ఏసీఎల్‌లు తిరిగి ఆన్ చేసే బదులు, 2024 చివర్లో వచ్చిన కొత్త తరహా లాగింగ్‌కి మారడం మేలు. ఇక వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ లాగ్‌లకైతే పర్మిషన్ల సంగతి తర్వాత, బకెట్ పేరే ఏడబ్ల్యూఎస్ హైఫన్ వాఫ్ హైఫన్ లాగ్స్ హైఫన్ అని మొదలవ్వాలి.

ఇప్పటికే యాక్సెస్ కీతో నడుస్తున్నదాన్ని రోల్‌కి మార్చాలనుకుంటే, ముందు రోల్‌తో వేరే ప్రిఫిక్స్‌లోకి తెప్పించి చూసుకోండి. అవి సాఫీగా వస్తుంటే పాత కీని డిలీట్ చేయకుండా ఇనాక్టివ్ చేసి ఆగండి. ఆ కీ చివరిసారి ఎప్పుడు వాడారన్న తేదీ ఐఏఎంలో (యూజర్లు, హక్కులు చూసే ఏడబ్ల్యూఎస్ సర్వీసులో) కనిపిస్తుంది. లాగ్‌ల కోసమే చేశామనుకున్న కీని ఇంకో స్క్రిప్ట్ కూడా వాడుతుంటే, ఈలోగా అది ఆగిపోయి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అప్పుడు మళ్లీ యాక్టివ్ చేసి ఆ స్క్రిప్ట్‌ని వేరు చేసుకోవచ్చు, డిలీట్ చేసిన కీని మాత్రం తిరిగి తెచ్చుకోలేం.